అధ్యక్ష పదవికి నిలబడండి, డిలీట్ బటన్ సంగతి ముందే చెప్పండి



మన ఫోను సభకు పదిహేను మంది సభ్యుల ఎన్నిక అయిపోయింది. ఇక అధ్యక్షుల ఎన్నిక మిగిలింది. పేర్లు ఇవ్వమని అడిగి వారం దాటింది. ఇప్పటిదాకా వచ్చినవి దండాలు, పూల బొమ్మలు, ‘మీరే ఉండండన్నా’ అనే మాటలు. నేను నిలబడతానని ఒక్కరూ చెప్పలేదు. ‘మనలో మనకు పోటీ ఎందుకు, ఉన్నవాళ్ళే ఉంటే పోలేదా’ అని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వాయిస్ పెట్టారు. వాళ్ళ మంచి మనసు మీద మాకు అనుమానం లేదు. కానీ ఆ మాటకు మేము ఒప్పుకోలేం.

అసలు ఈ పదవిలో ఏముంది అని అడిగేవాళ్ళున్నారు. జీతం లేదు, కుర్చీ కూడా లేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్కేపేట, తిరువాలంగాడు పక్క రైతుల ఫోన్లలో ఉండే గ్రూపు ఇది. కానీ అధ్యక్షుల చేతిలో రెండు పనులున్నాయి. సభ ముందుకు ఏ విషయం ఎప్పుడు రావాలో చెప్పేది వాళ్ళు. గ్రూపులో ఎవరు పెట్టిన మెసేజైనా అందరి ఫోన్లలో నుంచి తీసేయగలిగేది కూడా వాళ్ళే. బ్లీచింగు పౌడరు కలిసి కొనడం, గూళ్ళు అమ్మడానికి బండి మాట్లాడుకోవడం లాంటివి ఎవరైనా చూసుకుంటారు. ఈ రెండో పనే అసలు సంగతి.

ఒకే ఒక్క ఉదాహరణ చెప్తాం. పేర్లు వద్దు. పోయిన చలికాలం పంటలో ఒక అక్క రాత్రి పదకొండు గంటలకు ఫొటో పెట్టింది. రెండో జ్వరం దాటిన చాకీ తెచ్చుకుంది. పురుగులు ఒకే సైజులో లేవు, కొన్ని మేత ముట్టడం లేదు, ఒంటిమీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు. ఏ తేదీన తెచ్చుకున్నదీ, ఏ లాటో కూడా రాసింది. తెల్లారేసరికి ఆ మెసేజ్ లేదు. ‘ఊరికే భయపెట్టొద్దు, చాకీ ఇచ్చినవాళ్ళకు పేరు పోతుంది’ అని ఒక మాట మాత్రం మిగిలింది. ఆ చుక్కలు పెబ్రిన్‌వో కావో మేము చెప్పలేం, మైక్రోస్కోపు కింద చూడాల్సిన సంగతి అది. అయితే అదే లాటు తెచ్చుకున్న మిగతా ఇళ్ళకు ఆ రాత్రే తెలిసుంటే, ఉదయాన్నే నాలుగు పురుగులు తీసుకుని సెరికల్చర్ ఆఫీసుకు పోయుండేవాళ్ళు.

పెబ్రిన్ తల్లి చిలుక నుంచి గుడ్డులోకి వస్తుందని మనందరికీ తెలుసు. 1865లో ఫ్రాన్సులో పట్టు రైతులు దివాలా తీస్తుంటే పాశ్చర్‌ను అక్కడికి పంపారు. ఆయన కొన్నేళ్ళు ఆ పురుగులతోనే గడిపి, గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోపు కింద చూసి, మచ్చ కనిపిస్తే ఆ గుడ్లు పారేయమన్నాడు. ఈ రోజుకూ గ్రైనేజీల్లో చేసేది అదే. ఇంత పని జరిగాక కూడా ఎక్కడో ఒక లాటు జారిపోతే, దాన్ని పట్టేది మనకు మనం చెప్పుకునే కబురే. ఆ కబురును తీసేసే అధికారం ఒక మనిషి చేతిలో ఉంది. అందుకే ఆ మనిషి ఎవరన్నది చిన్న విషయం కాదంటున్నాం.

అవతలి మాట కూడా ఉంది. చాకీ పెంచేవాళ్ళు కూడా మన రైతులే. తప్పుడు పుకారు ఒకటి చాలు, ఆర్డర్లు ఆగిపోతాయి. షెడ్డులో తేమ ఎక్కువై పాలరోగం వస్తే కూడా చాకీ వాళ్ళనే తిట్టేవాళ్ళున్నారు. అందుకని మా అభిప్రాయం ఇది: జబ్బు గురించి, ధర గురించి వచ్చిన మెసేజ్‌ను ఎవరూ తీయకూడదు. తప్పైతే దాని కిందే జవాబు రావాలి, పరీక్ష ఫలితం వస్తే అది కూడా అక్కడే రావాలి. బూతులు, అప్పుల యాపుల లింకులు, మతం గొడవలు తీసేయండి, ఎవరూ అడగరు.

మరి చాకీ అమ్మేవాళ్ళు, గూళ్ళ బేరం చూసేవాళ్ళు అధ్యక్షులుగా నిలబడొచ్చా? కూడదని కొందరంటున్నారు. మేము నిలబడొచ్చనే అంటాం. మన పనిలో బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే, వాళ్ళను తీసేస్తే మిగిలేది సగమే. కానీ నిలబడేటప్పుడే ఒక మాట ఇవ్వాలి. తమ వ్యాపారానికి తగిలే ఏ మెసేజ్ మీదా తాము చెయ్యి వెయ్యమని, ఆ సంగతి సభలో ఇంకో ఇద్దరికి వదిలేస్తామని చెప్పాలి. తిరుత్తణి కొండ 365 మెట్లెక్కి ఒట్టేయనక్కర్లేదు, గ్రూపులో రాసి పెడితే చాలు.

ఇదేమీ మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 1967 మార్చిలో లోక్‌సభ స్పీకరు పదవికి పోటీ జరిగింది. ఇద్దరూ తెలుగువాళ్ళే. పాలక పక్షం తరఫున నీలం సంజీవరెడ్డి, ప్రతిపక్షాల తరఫున తెన్నేటి విశ్వనాథం. సంజీవరెడ్డికి 278 ఓట్లు, విశ్వనాథానికి 207. ఆయన గెలిచింది పట్టుగూళ్ళకు పేరున్న హిందూపురం నుంచి, అది మనకు ఒక చిన్న సంతోషం. స్పీకరు కాగానే సంజీవరెడ్డి ఏళ్ళ తరబడి ఉన్న కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. చట్టం అడగలేదు, అయినా చేశారు. సభలో అందరి మాటా వినాల్సినవాడికి ఒక పక్క ఉండకూడదని లెక్క. మన దగ్గర వ్యాపారం మానుకోమని ఎవరూ అనడం లేదు. ఆ ఒక్క బటన్ విషయంలో పక్కకు జరగమంటున్నాం, అంతే.

ఇందులో ఇంకో సంగతి కూడా గమనించండి. పోటీ చేసి ఓడిన విశ్వనాథం గారికి పరువేమీ పోలేదు, గెలిచిన సంజీవరెడ్డికీ చెడ్డ పేరు రాలేదు. ఓటేసినవాళ్ళ ముందు ఇద్దరున్నారు కాబట్టి ఎంచుకునే పని వాళ్ళకు దక్కింది.

ఏకగ్రీవం తప్పని మేము అనడం లేదు. మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1952లోనూ 1957లోనూ పోటీ లేకుండానే ఉపరాష్ట్రపతి అయ్యారు, ఆ పదవితోపాటే పదేళ్ళు రాజ్యసభ నడిపారు. కానీ అలాంటి మనిషి దొరికినప్పుడు ఏకగ్రీవం దానంతట అదే వస్తుంది. ఎవరూ పేరు ఇవ్వకపోవడం వేరు. మొహమాటంతో నోరు మూసుకోవడాన్ని ఏకగ్రీవం అని పిలవొద్దు.

రాధాకృష్ణన్ పేరెత్తాం కాబట్టి మా.పో.శివజ్ఞానం పేరు కూడా చెప్పాలి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి రావాలని పోరాడి, 1960 ఏప్రిల్ 1న అది చిత్తూరు జిల్లా నుంచి అటు మారేదాకా నిద్రపోని మనిషి. మన ఇళ్ళలో ముసలివాళ్ళు ఆయన పేరు ఒక్కొక్కరు ఒక్కో గొంతుతో పలికేవాళ్ళు, అది వేరే కథ. తర్వాత ఆయన తమిళనాడు శాసనమండలికి అధ్యక్షులయ్యారు. 1986 నవంబరు 1న ఆ మండలినే రద్దు చేశారు, అధ్యక్ష పదవి ఆయన కింద నుంచి పోయింది. సభ లేకపోతే అధ్యక్షుడు లేడు. మన దగ్గర మాత్రం గ్రూపు పెట్టినవాళ్ళదే గ్రూపు అనే భావన ఇంకా పోలేదు. ‘నేను పెట్టిన గ్రూపు, నేను తీసేస్తా’ అన్న మాట మనం విన్నదే.

లెక్కల దగ్గరికి వద్దాం. ఇక్కడ మాకు ఉత్తరమేరూరు గుర్తొస్తుంది. కాంచీపురం జిల్లాలోని ఆ ఊళ్ళో వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పరాంతక చోళుని కాలపు శాసనాలున్నాయి, 919, 921 సంవత్సరాలవి. పేర్లు ఆకుల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించి ఊరి సభకు మనుషులను ఎంచుకునే పద్ధతి వాటిలో రాసుంది. చెరువుకు ఒక కమిటీ, తోటలకు ఒక కమిటీ. మూడేళ్ళలోపు కమిటీలో ఉన్నవాళ్ళ పేరు కుండలో పడకూడదు. ఇంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు చూపనివాడు పనికిరాడు, వాడి చుట్టాలు కూడా పనికిరారు. ఆ సభలో సొంత భూమి, వేదం చదువు ఉన్న మగవాళ్ళకు తప్ప మిగతా ఊరికి చోటు లేదు. ఆ భాగం మనకొద్దు. లెక్కల మాట మాత్రం వెయ్యేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది. బ్లీచింగు పౌడరుకు, బండి అద్దెకు మనం వేసుకున్న చందాల లెక్క మూడు పంటలుగా రాలేదు. ఎవరో తిన్నారని మేము అనడం లేదు. లెక్క రాలేదు అంటున్నాం. అది పెట్టాకే పాతవాళ్ళు మళ్ళీ నిలబడాలి.

ఓటు ఎలా వేయాలి? గ్రూపులో పోల్ పెడదాం అని కుర్రవాళ్ళు అంటున్నారు. మన గ్రూపు పోల్‌లో ఎవరి ఓటు ఎవరికి పడిందో పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది. రేపు చాకీ అప్పు మీద తెచ్చుకోవాల్సిన రైతు, ఆ చాకీ ఇచ్చే అన్నకు వ్యతిరేకంగా అందరూ చూస్తుండగా వేలు నొక్కుతాడా? కాబట్టి చీటీలు, డబ్బా. తిరుత్తణిలో కలిసే రోజు వేద్దాం. రాలేనివాళ్ళు, పోటీలో లేని ఇద్దరికి విడిగా చెప్పాలి. ఇందులోనూ లోపం లేకపోలేదు, ఆ ఇద్దరికి తెలిసిపోతుంది. కానీ రెండు వందల మందికి తెలియడం కంటే నయం.

ఎంతమంది వేస్తే చెల్లుతుంది అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 2012 డిసెంబరులో ఫేస్‌బుక్ తన నియమాల మార్పు మీద వాడేవాళ్ళనే ఓటు అడిగింది. 100 కోట్ల పైన మనుషులున్న ఊరు అది. 30 శాతం వేస్తేనే లెక్క అన్నారు. వేసింది 7 లక్షల లోపు. వేసినవాళ్ళలో ఎక్కువమంది మార్పు వద్దన్నా అది చెల్లలేదు. అడిగిన మార్పుల్లో ఇకమీదట ఇలాంటి ఓటింగు ఉండదన్నది కూడా ఒకటి, దాంతో ఆ పద్ధతే పోయింది. అందని ఎత్తులో గీత గీస్తే ఓటు పెట్టినట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. మనకు మూడో వంతు వేస్తే చాలు అని మా సూచన.

తేదీ కూడా చూసుకోవాలి. పురుగు తినే మొత్తం మేతలో 80 శాతం పైన ఐదో దశలోనే తింటుంది. ఆ వారం మనం అన్నం తిన్నామో లేదో మనకే తెలియదు, ఇక ఫోను ఎవరు చూస్తారు? అందరి బ్యాచీలు ఒకేసారి ఉండవు కాబట్టి పేర్లు వచ్చాక ఓటుకు పది రోజులైనా వ్యవధి ఉండాలి. అప్పుడు ఎవరి ఐదో దశ అయినా మధ్యలో దాటిపోతుంది.

ఓటు ఎవరిది? ఇది కొందరికి నచ్చకపోవచ్చు. గ్రూపులో ఉన్న నంబర్లు చాలావరకు ఇంటాయనవి. తెల్లవారుజామున ఆకు కోసేది, తట్టలు శుభ్రం చేసేది, జ్వరానికి కూర్చున్న పురుగును గుర్తుపట్టేది ఇంటావిడ. తమిళనాడు ఊరి పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్ళకు కేటాయించాలని 2016లోనే చట్టం మార్చారు. మన ఫోను సభ పదిహేను మందిలో ఇద్దరే ఉన్నారు. నంబరుకు ఒక ఓటు కాకుండా, షెడ్డుకు రెండు ఓట్లు ఇవ్వాలని మేము కోరుతున్నాం. అధ్యక్ష పదవికి ఒక అక్కైనా నిలబడాలి. పైన చెప్పిన ఆ అక్క నిలబడితే మాకు ఇంకా సంతోషం, కానీ బలవంతం లేదు.

భాష సంగతి ఒకటుంది. 2006 చట్టం తర్వాత బడుల్లో మన పిల్లలంతా తమిళమే చదివారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఈ అక్షరాలు చదవలేరు. పెద్దవాళ్ళలో తమిళం చదవలేనివాళ్ళున్నారు. అందుకే నిలబడేవాళ్ళు తమ మాట రాసి ఊరుకోకుండా నోటితో చెప్పి పంపాలి.

చివరగా, ‘అడ్మిన్‌గా ఉంటే ఎవడో పెట్టిన మెసేజ్‌కు పోలీసులు మనల్ని పట్టుకుంటారు’ అనే భయం. పేర్లు రాకపోవడానికి సగం కారణం ఇదేనని మా అనుమానం. 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఇలాంటి కేసులోనే చెప్పింది: అడ్మిన్‌గా ఉండడం తప్ప ఇంకేమీ చేయని మనిషి పేరును చార్జిషీటు నుంచి తీసేయాలని. తానే చెడ్డది పెట్టినా, కావాలని తోడుపడినా అది వేరు. అంతకుముందు బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. ఈ భయంతో ఆగినవాళ్ళు ఆగనక్కర్లేదు.

పేర్లు ఇవ్వడానికి వచ్చే ఆదివారం సాయంత్రం దాకా గడువు పొడిగించారు. పేరుతోపాటు రెండు నిమిషాలు దాటని వాయిస్ పంపండి. అందులో మీకు చాకీ, గుడ్లు, గూళ్ళ వ్యాపారం ఏదైనా ఉంటే చెప్పండి, ఏయే మెసేజ్‌లు తీస్తారో ఏవి తీయరో చెప్పండి. ఇంతకుముందు డబ్బు చూసినవాళ్ళయితే లెక్క కాగితం ఫొటో కూడా జతచేయండి.