మాట పనికి ఇద్దాం, కర్ర ధరకు కాదు

పోయిన శ్రావణంలో నా గాజులు కుదువపెట్టాం. జబ్బు కోసం కాదు, పెళ్ళి కోసం కాదు, వేరేవాళ్ళ ఇళ్ళ గడపల కోసం. అందరూ వరలక్ష్మి పూజకు పిలుస్తుంటే మట్టిగాజులు వేసుకుని వెళ్ళాను. ఎవరూ అడగలేదు. నాకే చెయ్యి తేలిగ్గా అనిపించింది.

మాకు నాచారంలో చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. ఇల్లు ఉప్పల్‌లో. మా ఆయన, ఇద్దరు పనివాళ్ళు, ఒక కటింగ్ మెషీను, అంతే. పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు టేకు దర్వాజాలు చేస్తామని ఒప్పుకున్నారు. ధర నోటిమాట మీదే ఖాయం. అడ్వాన్సు నామమాత్రం. బిల్డరు పని మూడు నెలలు ఆలస్యమైంది. తీరా కర్ర కొనడానికి డిపోకు వెళ్తే అడుగుకు మూడు వందలు పెరిగి కూర్చుంది.

మూడు వందలేగా అనుకోకండి, నేనూ అలాగే అనుకున్నాను. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక లెక్క వేశాను. బీఏ తెలుగు చదివినదానికి ఈ లెక్కలెందుకని నవ్వకండి. కర్రను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ హెచ్చవేసి 144తో భాగిస్తే సరి. నిలువు కర్రలు రెండూ ఏడేసి అడుగులు, పైకర్ర, గడప మూడున్నరేసి, మొత్తం 21 అడుగులు. వెడల్పు 5, మందం 3 అంగుళాలు. ఒక్కో దర్వాజాకు 2.19 అడుగులు పడుతుంది. పన్నెండింటికి 26 దాటింది. కోతలో, చిత్రికలో పోయేది కలిపితే 30. అంటే 9,000 రూపాయలు. దానిమీద జీఎస్టీ 18 శాతం, 1,620. రిజిస్ట్రేషన్ లేని మాలాంటివాళ్ళకు ఆ పన్ను వెనక్కి రాదు. మొత్తం 10,620. మా అబ్బాయి ఇంటర్ ఫీజులో ఒక వాయిదా దాదాపు అంతే.

ఈ ధరలు మన చేతిలో లేవు. టేకు చేతికి రావాలంటే ఏళ్ళకేళ్ళు పడుతుంది. కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతులు కావాలి, అవి ఉండాల్సినవే. బర్మా టేకు అని మనం గొప్పగా చెప్పుకునే కర్రను దుంగలుగా పంపడం ఆ దేశం 2014 ఏప్రిల్‌లోనే ఆపేసింది. ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చే టేకుకు డాలరు రేటు ఒకటి, ఓడ కిరాయి ఒకటి. ఎక్కడో సముద్రం మీద పెరిగిన కిరాయి నాచారం షెడ్డులో మా ఆయన నెత్తిన పడుతుంది.

అడిగితే బిల్డరు "మాటంటే మాటే కదా" అన్నాడు. మా ఆయన తల ఊపి వచ్చేశారు. పాత ఆర్డరు కర్రకు కొత్త ఆర్డరు అడ్వాన్సు వాడారు. కొత్త ఆర్డరు మొదలయ్యేసరికి దాని డబ్బు లేదు. అప్పుచేసి పప్పుకూడు అంటారే, మాకు పప్పు కూడా మిగల్లేదు. ముందు చీటీ ఆగింది, తర్వాత గాజులు వెళ్ళాయి. షెడ్డులో వచ్చిన నష్టం షెడ్డులో ఆగదమ్మా, వంటింట్లోకే వస్తుంది. కానీ ఏ ఎస్టిమేటులోనూ వంటింటి పేరు ఉండదు.

మాట తప్పమని నేను అనడం లేదు. మన చేతిలో ఉన్నదానికే మాట ఇద్దాం అంటున్నాను. పని మంచిగా, చెప్పిన రోజుకు చేస్తామన్నది మా మాట. కర్ర ధర మేం చెప్పేది కాదు. అందుకే ఇప్పుడు ఎస్టిమేటు నేనే రాస్తున్నాను, కాగితం మీద, రెండు భాగాలుగా. కర్ర ఆ రోజు రేటుకు, పదిహేను రోజులవరకే. మజూరి వేరుగా, మారదు. అడ్వాన్సు కర్రకు సరిపడా తీసుకుని ఆ వారమే కొనేస్తాం.

"ఇలా అయితే గిరాకీ పోతుంది" అన్నారు మా ఆయన. నిజమే, రెండు ఆర్డర్లు పోయాయి. ఒకాయన డబ్ల్యూపీసీ ఫ్రేములు పెట్టించుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టను. కానీ పీర్జాదిగూడ నుంచి వచ్చిన ఒకావిడ కాగితం రెండుసార్లు చదివి, "కర్ర తగ్గించే దారుందా?" అని అడిగింది. గడప, దర్వాజా టేకులో, లోపలి గదులకు వేపలో చేద్దామన్నాం. పాత ఇళ్ళు కూల్చినచోట దొరికే టేకు ఎండి గట్టిపడి ఉంటుంది, మేకులు చూసి తీసుకుంటే చాలని చెప్పాం. డిపోకు తనే వచ్చి ఎంచుకుంది. మజూరిలో రూపాయి తగ్గించమనలేదు.

మనమంతా బేరమాడేవాళ్ళమే. నేనూ కూరగాయల దగ్గర వదలను. కానీ ఇంట్లో వడ్రంగి పని పెట్టుకున్నప్పుడు బేరం కర్ర దగ్గర ఆడండి. జాతి మార్చండి, కొలత తగ్గించండి, పాతది వెతకండి. మజూరి దగ్గర కాదు. అక్కడ తగ్గించిన ప్రతి వందా ఇంకో ఇంట్లో ఎవరో ఆడమనిషి సర్దుకోవాలి.

గాజులు ఇంకా రాలేదు. రెండు వాయిదాలున్నాయి. ఈసారి మాత్రం ఆ రెండింటి లెక్క నా దగ్గరుంది.