పాకాల పిల్ల సినిమా ఎవరికీ పట్టలేదు

దసరాకు మన నిజామాబాద్ జిల్లా మోర్తాడ్‌లో పిల్లలకు ఏం కొనిపెడుతున్నారో చూడండి. క్రికెట్ బ్యాటు, రిమోట్ కారు, చేతిలో డబ్బు కాస్త ఆడితే ఫోను. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన అన్నలైతే సూట్‌కేసు నిండా చాక్లెట్లు, సెంటు సీసాలు. పసుపు అమ్మిన డబ్బు చేతికొచ్చాక ఎండాకాలం సెలవుల్లో ఇంకో విడత. వీటిని నేను తప్పుపట్టను. పిల్లలకు కాకపోతే ఎవరికి కొంటాం? నా బాధల్లా ఒక్కటే. ఇన్నేళ్లలో ఈ కొనుగోళ్లలోకి ఒక్క సినిమా రాలేదు. అదీ మన జిల్లా పిల్ల సినిమా.

మోర్తాడ్ నుంచి భీంగల్ మీదుగా పోతే సిరికొండ మండలం వస్తుంది. అందులో పాకాల. ఆ ఊళ్లో కూలి చేసుకునే లంబాడా దంపతుల కూతురు మాలావత్ పూర్ణ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి కోట బండ మీద తాడు పట్టడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన ఆడపిల్ల అంతకుముందు లేదు. వెంట ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు. పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కారు. దారిలో శవాలు కనిపించాయని, డబ్బాల్లో వచ్చే తిండి వాసన పడక ఇబ్బంది పడ్డానని ఆ తర్వాత ఆ పిల్లే చెప్పింది. అక్కడితో ఆగలేదు కూడా. 2022లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది.

ఈ కథ తీయడానికి ముంబై నుంచి రాహుల్ బోస్ రావలసి వచ్చింది. 2017 మార్చి 31న ‘పూర్ణ’ విడుదలైంది. అదితి ఇనాందార్ పూర్ణగా చేసింది, అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ పాత్ర రాహుల్ బోస్ తనే వేశాడు. ఆ నెలలో మనమంతా ఏం చేస్తున్నాం? ఏప్రిల్ 28న రాబోయే రెండో ‘బాహుబలి’ కోసం రోజులు లెక్కపెడుతున్నాం. మొదటి ‘బాహుబలి’లో ప్రభాస్ జలపాతం పక్కన బండలు ఎగబాకుతుంటే ఈలలు వేసింది మనమే. నేనూ వేశాను. కంప్యూటర్లో పుట్టిన కొండకు అన్ని ఈలలు వేసినవాళ్లం, నిజం కొండ ఎక్కిన మన జిల్లా పిల్లకు ఒక్క టికెట్టు కొనలేకపోయాం.

‘హిందీ సినిమా కదా, పిల్లలకేం అర్థమవుతుంది’ అంటారు. ఈ మాట ఇంకెక్కడైనా అంటే ఒప్పుకునేవాణ్ణి. నిజామాబాద్ జిల్లాలో హిందీ పరాయిదా? బజార్లో సగం బేరాలు ఆ భాషలోనే సాగుతాయి. దుబాయిలో పదేళ్లు చేసొచ్చిన నాన్న పక్కన కూర్చుని అర్థం చెబితే సరి. అక్కడ నేర్చిన హిందీకి ఇంట్లో అంతకంటే మంచి పని ఏం పడుతుంది! పైగా ఆ సినిమాలో చాలాసేపు కనిపించేది మంచు కాదు. ఫీజు కట్టలేక బడి ఊడ్చే ఇద్దరు ఆడపిల్లలు, చదువు మధ్యలో పెళ్లి చేసి పంపేసిన అక్క ప్రియ. ఇవి మనకు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు.

ఇంకో సినిమా పేరు చెబుతాను, పెద్ద తరగతుల పిల్లలకు. జెనిఫర్ పీడమ్ తీసిన ‘షెర్పా’, 2015 నాటి డాక్యుమెంటరీ. పూర్ణ టిబెట్ వైపు ఉన్న ఆ సీజన్లోనే, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది పోయారు. అందరూ దొరల సామాన్లు మోసే, తాళ్లు కట్టే నేపాలీ మనుషులే. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం 40 వేల నేపాలీ రూపాయలు. ఆ సినిమాలో ఫుర్బా తాషీ అనే షెర్పా ఉంటాడు. అప్పటికే 21 సార్లు ఎవరెస్ట్ ఎక్కినవాడు. ఈసారి పోవద్దని భార్య, తల్లి అంటారు. పోకపోతే ఇల్లెలా గడుస్తుంది? కిరీటం ఒకరికి, బరువు ఇంకొకరికి. ఆ ఇంటి మాటలు వింటుంటే నాకు ఎవరెస్ట్ గుర్తు రాలేదు. వీసా వచ్చిన రాత్రి మా వాడకట్టులో జరిగే మాటలే వినిపించాయి. గల్ఫ్ నుంచి శవం వచ్చేదాకా వారాల తరబడి కాచుకున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల మండలాల్లో ఉన్నాయి. ఈ సినిమాను పట్నం విమర్శకులు పొగిడారు, నిజమే. కానీ దీన్ని ఒంటితో అర్థం చేసుకోగల ప్రేక్షకులు మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీంగల్‌లలో ఉన్నారు. వాళ్లకెవరూ చూపించలేదు.

ఆస్కార్ వచ్చింది కదా అని ‘ఫ్రీ సోలో’తో మాత్రం మొదలుపెట్టకండి. దాదాపు 3,000 అడుగుల ఎల్ కాపిటాన్ బండను అలెక్స్ హానాల్డ్ తాడు లేకుండా ఎక్కేస్తాడు. గొప్ప సినిమానే. పదేళ్ల పిల్లవాడికి అందులో తాడు లేకపోవడం ఒక్కటే గుర్తుంటుంది.

సినిమాను కానుకగా ఎలా ఇస్తారని అడుగుతారేమో. డీవీడీల కాలం పోయింది. పైసలు కట్టి చూసే చోట ఎక్కడుందో వెతకండి, అద్దెకు దొరికితే తీసుకోండి, టీవీకి కలపండి. బతుకమ్మ రోజుల్లో ఒక పూట వాడకట్టు పిల్లలందరినీ పిలవండి. బ్యాటు ఖరీదులో సగం కూడా కాదు. బడిలో ప్రొజెక్టర్ ఉంటే సార్లను అడగండి, సెలవులకు ముందు చివరి రోజు ఎలాగూ పాఠం జరగదు.

మరునాడు పిల్లలు ఆర్మూర్ సిద్ధుల గుట్టకు తీసుకుపొమ్మని పీకుతారు, ఆ మాట ముందే చెబుతున్నాను. మెట్ల దారిన తీసుకుపోండి. ఆ నల్ల బండలు ఎక్కుతామంటే మాత్రం భువనగిరిలో నేర్పేవాళ్లున్నారు, అక్కడ అడగండి. ఆడపిల్ల అడిగితే ‘నీకెందుకమ్మా’ అనకండి.