మూడు నెలల కొలబద్ద

న్యూఢిల్లీ: రాజధానిలో పనిచేసే విలేకరికి రాజకీయాల తరువాత ఎక్కువగా అలవాటు పడవలసినవి లెక్కల కాగితాలు. ప్రతి మూడు నెలలకొకసారి ప్రభుత్వరంగ సంస్థలు తమ ఆర్థిక ఫలితాలను స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపుతాయి. అవి మరునాడు వాణిజ్య పుటలో నాలుగు వాక్యాలుగా అచ్చవుతాయి. లాభం ఇంత శాతం పెరిగినది, లేదా ఇంత శాతం తగ్గినది. షేరు ధర ఇంత ఎగసినది, లేదా ఇంత పడినది. అంతటితో ఆ సంస్థను గూర్చి దేశం తెలుసుకోవలసినది ముగిసినట్టే. చాలాకాలం నేనుకూడ ఆ పుటను తిప్పివేసినవాడినే. కాని కొన్ని సంస్థల విషయంలో ఆ నాలుగు వాక్యాల వెనుక విదేశాంగ విధానం, పరిపాలనా సామర్థ్యం, పార్లమెంటు బాధ్యత కూడ దాగి ఉంటాయి. అటువంటిది రైట్స్.

పూర్తి పేరు రైల్ ఇండియా టెక్నికల్ అండ్ ఎకనామిక్ సర్వీస్. 1974లో రైల్వే మంత్రిత్వశాఖ స్థాపించినది. రిజిస్టర్డు కార్యాలయం ఢిల్లీ లక్ష్మీనగర్‌లోని స్కోప్ మినార్‌లో, అధికారులు కూర్చునేది గురుగ్రాంలో. ఇది రైళ్ళు నడపదు, పెట్టెలు తయారుచేయదు. లైను ఎక్కడినుంచి ఎక్కడికి వేయాలి, వంతెన ఎంత బరువు మోయాలి, కొన్న పట్టా నాణ్యమైనదా కాదా, ఓడరేవుకు ఎంత సరకు వస్తుంది అనే ప్రశ్నలకు సమాధానాలు చెప్పి, అందుకు రుసుము పుచ్చుకుంటుంది. ఒక్కమాటలో, తెలివిని అమ్మే ప్రభుత్వ దుకాణం. కొనేవారిలో అత్యధికులు కూడ ప్రభుత్వాలే. రైల్వేశాఖ, ఇతర కేంద్ర మంత్రిత్వశాఖలు, రాష్ట్రాలు, విదేశీ ప్రభుత్వాలు.

ముందు అంకెలు చూద్దాం. 2022-23లో ఈ సంస్థ నికరలాభం సుమారు 571 కోట్ల రూపాయలు. 2023-24లో అది 495 కోట్లకు, 2024-25లో 424 కోట్లకు దిగినది. రెండేళ్ళలో నాలుగోవంతు పైగా కరిగిపోయినదన్నమాట. అదే సమయంలో చేతిలో ఉన్న పనుల విలువ మాత్రం 2025 మార్చి 31 నాటికి 8,877 కోట్లకు చేరినది. ఆ ఏటి రాబడితో పోల్చితే ఇది నాలుగేళ్ళకు సరిపడే పని. పని పెరుగుతూ ఉంటే లాభం తరుగుతున్నది. ఈ చిక్కుముడిని వాణిజ్య పుట విప్పదు.

విప్పితే మొదట కనబడేది పనులు లభించే తీరు మారడం. దశాబ్దాల తరబడి రైల్వేశాఖ తన సలహా పనులను, సరకుల తనిఖీని పోటీ లేకుండ రైట్స్‌కు అప్పగిస్తూ వచ్చినది. దీనిని ఇక్కడ నామినేషన్ పద్ధతి అంటారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ తలుపు తెరచుకున్నది. తనిఖీ పనిలోకి ఇతర సంస్థలు వచ్చినవి, సలహా పనులకు టెండర్లు వచ్చినవి. రెండవది, పనుల స్వభావం మారడం. సలహా పనిలో రూపాయికి మూడోవంతు చుట్టూ మిగులుతుంది. నిర్మాణం మొత్తాన్ని భుజాన వేసుకునే టర్న్‌కీ పనిలో రెండు మూడు పైసలు మిగిలితే ఘనం. చేతిలోని పనుల విలువ ఉబ్బినదంటే అందులో ఈ రెండవరకం పనుల పాలు తక్కువేమీ కాదు.

పోటీ తప్పని నేననను. పోటీ లేనిచోట తనిఖీ ముద్ర ఎంత సులువుగా పడుతుందో తెలియనిదెవరికి? అయితే పోటీలో నెగ్గడానికి ధర తగ్గించుకోమని ఒక చేత్తో చెబుతూ, లాభం తగ్గినదేమని రెండో చేత్తో నిలదీసే యజమానిని ఏమనాలి? ఇక్కడ యజమాని, ఖాతాదారు ఒక్కరే.

మూడవ కారణమే నా దృష్టిలో అసలైనది. లాభం పడిపోవడానికి ఎగుమతుల రాబడి ఎండిపోవడం ముఖ్య కారణమని సంస్థే చెప్పుకున్నది. రైట్స్ మన రైల్వే కర్మాగారాలలో తయారైన పెట్టెలను, ఇంజన్లను ఇరుగుపొరుగు దేశాలకు, ఆఫ్రికాకు అమ్ముతుంది. శ్రీలంకకు వెళ్ళిన డీజిల్ రైలు సెట్లు, పెట్టెలు భారత రుణసాయం మీద వెళ్ళినవే. 2022 ఏప్రిల్‌లో కొలంబో విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేసినప్పుడు, అటువంటి దేశం మళ్ళీ ఎప్పుడు రైలుపెట్టెలు కొంటుందన్న ప్రశ్న గురుగ్రాంలో కూడ తలెత్తక తప్పదు. బంగ్లాదేశ్ సంగతి ఇంకొక పాఠం. 2024 మే 20న ఢాకాలో 200 బ్రాడ్‌గేజ్ పెట్టెల సరఫరాకు ఒప్పందం కుదిరినది. విలువ పదకొండు కోట్ల డాలర్లకు పైగా. రెండున్నర నెలలు తిరగకుండానే, ఆగస్టు 5న, షేక్ హసీనా దేశం విడిచి ఢిల్లీకి వచ్చారు. ఆ తరువాత రెండు రాజధానుల మధ్య మాటలు ఎంత పొడిబారినవో విదితమే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ 200 పెట్టెల ఒప్పందానికి డబ్బు ఢిల్లీ రుణం కాదు. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుది. అంతర్జాతీయ పోటీలో నెగ్గి సంపాదించుకున్న పని. ఢాకాలో మనకు మిత్రులైన పాలకులు ఉన్నా లేకున్నా నిలబడగల సంబంధం అదొక్కటే కాబోలు. రుణమిచ్చి మన సరకే కొనిపించడం ఎంతకాలమైనా మన ఖజానా మీద ఆధారపడే వ్యాపారం. పోటీలో గెలిచి అమ్మడం మన ఇంజనీర్ల మీద ఆధారపడే వ్యాపారం. మూడు నెలల లెక్కలో రెండూ 'ఎగుమతులు' అనే ఒకే గడిలో పడతాయి. తేడా కనబడదు.

కాలమానం విషయం కూడ అంతే. మయన్మార్ మీదుగా మిజోరంకు దారి వేసే కలాదాన్ పథకాన్ని తీసుకోండి. దానికి తొలి సాధ్యాసాధ్యాల నివేదికను 2003 ప్రాంతంలో తయారుచేసినది రైట్స్. రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసినది 2008లో. సిట్వే రేవుకు కలకత్తానుంచి తొలి సరకు ఓడ చేరినది 2023 మేలో. పలెత్వానుంచి మన సరిహద్దు దాకా వేయవలసిన రోడ్డు మాత్రం పూర్తి కాకుండానే, 2024 జనవరిలో పలెత్వా పట్టణం అరకాన్ ఆర్మీ వశమైనది. నివేదికకు, ఓడకు నడుమ ఇరవై ఏళ్ళు. అంటే ఎనభై త్రైమాసికాలు. ఆ నివేదిక మంచిదా చెడ్డదా, దానిలోని అంచనాలు నిలిచినవా అనే ప్రశ్న త్రైమాసిక ఫలితాలలో ఉండదు. రుసుము వసూలైన త్రైమాసికంలో మాత్రం అది రాబడిగా లెక్కకెక్కి ఉంటుంది.

ఈ సంస్థ చరిత్రలో గర్వించదగినవి, సిగ్గుపడదగినవి రెండూ ఉన్నవి. 1979లో నైజీరియా తన రైల్వేలను నడిపిపెట్టమని కోరినప్పుడు మన ఇంజనీర్లు వెళ్ళి మూడేళ్ళు నడిపారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు పాత పాలకుల నిపుణులను కాదని మనవారిని పిలిచిన రోజులవి. ఆ తరువాత 2004లో మొజాంబిక్‌లోని బెయిరా రైల్వేలో, 2007లో టాంజానియా రైల్వేలో భాగస్వామిగా దిగినది. టాంజానియాలో వాటా నూటికి 51. రెండు చోట్లా ఒప్పందాలు నడిమధ్యనే తెగిపోయినవి. సలహా చెప్పడం వేరు, పెట్టుబడి పెట్టి సంసారం చేయడం వేరు అని ఆఫ్రికాలో నేర్చుకున్నారు. ఆ పాఠానికి ఎంత ఖర్చయినదో విడమరచి పార్లమెంటు ముందు చర్చించి ఉంటే, నేడు టర్న్‌కీ పనుల వెంట పరుగు కొంత నెమ్మదించి ఉండేదని నా అనుమానం.

ఇక యజమాని సంగతి. 2018 జూన్‌లో ప్రభుత్వం ఈ సంస్థ షేర్లను 185 రూపాయల చొప్పున జనానికి అమ్మినది. సుమారు 460 కోట్లు వచ్చినవి. అందులో ఒక్క రూపాయి సంస్థకు చేరలేదు, అంతా ఖజానాకే. మరుసటి సంవత్సరం మరికొంత అమ్మిన దరిమిలా ప్రభుత్వ వాటా 72 శాతం చిల్లరకు దిగినది. 2023 అక్టోబరులో నవరత్న హోదా ఇచ్చారు. (నవరత్నాల సంఖ్య ఎన్నడో తొమ్మిది దాటిపోయినది. రైట్స్ పదహారవ రత్నం. విక్రమాదిత్యుని ఆస్థానంలో ఈ సదుపాయం ఉన్నట్టు లేదు.) లాభాల పంపకం చూస్తే, ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం నికరలాభంలో కనీసం 30 శాతం, లేదా నికర విలువలో 4 శాతం, ఏది ఎక్కువైతే అది డివిడెండుగా ఇవ్వాలి. రైట్స్ ఇస్తున్నది నూటికి తొంభై చుట్టూ.

సలహా సంస్థకు కొలిమి, యంత్రాలు అక్కరలేదు కనుక లాభం పంచితే నష్టమేమి అని వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత నిజమున్నది. కాని సలహా సంస్థకు మూలధనం మనుషులు. సొరంగాలు, వేగవంతమైన రైళ్ళు, సిగ్నలింగు విషయాలలో యువ ఇంజనీర్లను పదేళ్ళు పెంచితేగాని ఒక నిపుణుడు తయారుకాడు. ఆ పదేళ్ళ ఖర్చు ప్రతి త్రైమాసికంలోను లాభాన్ని కాస్త తగ్గించి చూపుతుంది. తయారైన నిపుణుని విలువ ఆస్తుల పట్టికలో ఎక్కడా చూపరు. అటువంటప్పుడు ఏ అధికారి ఆ ఖర్చుకు సాహసిస్తాడు?

ఇంతకూ ప్రభుత్వానికి సలహాదారుల అవసరం తగ్గలేదు సుమా. 2017 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు 16 మంత్రిత్వశాఖలు అయిదు పెద్ద ప్రైవేటు సలహా కంపెనీలకు 500 కోట్లకు పైగా చెల్లించినట్టు 2023లో సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా వెల్లడైనది. ఈనాడు ఏ భవన్‌కు వెళ్ళినా, సెక్షన్ ఆఫీసరు పక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు పాతికేళ్ళ కుర్రవాడు కూర్చుని ఉంటాడు. ప్రభుత్వ ఉద్యోగి కాడు, కంపెనీ పంపిన సలహాదారు. తెలివైనవాడే. రెండేళ్ళలో మరొక కంపెనీకి వెళ్ళిపోతాడు, తెలుసుకున్నదంతా అతనితోనే వెళుతుంది. ఒకప్పటి ఫైలు ధూళి పట్టినా భవన్‌లోనే ఉండేది.

ఈ దారి చివర ఏమున్నదో చూడాలంటే వాషింగ్టన్ వైపు ఒకసారి చూడవచ్చు. బూజ్ అలెన్ హామిల్టన్ అనే కంపెనీ రాబడిలో నూటికి 98 వంతులు అమెరికా ప్రభుత్వం నుంచే వస్తాయి. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి ఆ రాబడి సుమారు 1,200 కోట్ల డాలర్లు. ఆ ఏడాది కొత్త ప్రభుత్వం సలహా ఒప్పందాల మీద కత్తెర ఎత్తగానే, మే నెలలో 2,500 మంది ఉద్యోగాలను తగ్గిస్తామని ఆ కంపెనీ ప్రకటించినది. అక్కడ రాజ్యం తన తెలివిలో పెద్ద భాగాన్ని బయట అద్దెకు తీసుకున్నది. అద్దె మానితే ఆ తెలివి ఎటు పోతుందో చెప్పడం ఏ మంత్రి తరమూ కాదు. మన దగ్గర 1960, 70 దశకాలలో వేరే దారి ఎంచుకున్నారు. నీళ్ళకు వ్యాప్కోస్, రైళ్ళకు రైట్స్, చమురు శుద్ధికి ఇంజనీర్స్ ఇండియా. ప్రభుత్వ ఇంజనీర్లు తెలిసినదాన్ని ఒకచోట కూడబెట్టి, ఇంటా బయటా వినియోగించుకోవాలనే ఆలోచన. ఆఫ్ఘనిస్థాన్‌లో 2016లో ప్రారంభమైన సల్మా ఆనకట్ట వ్యాప్కోస్ చేతులమీదుగా లేచినదే. 2021లో కాబూల్‌లో పాలన మారినా హెరాత్ పొలాలకు నీళ్ళిచ్చేది ఆ ఆనకట్టే.

కనుక 2025 జనవరి-మార్చిలో లాభం 141 కోట్లు, ఏప్రిల్-జూన్‌లో 91 కోట్లు అనే అంకెలను చూసి సంస్థ క్షీణించినదని వాపోవడం, మరో మూడు నెలలకు పెరిగితే కోలుకున్నదని సంతోషించడం రెండూ తొందరపాటే. మార్చిలో ప్రభుత్వాలు బడ్జెట్ మురిగిపోకుండ బిల్లులు చెల్లిస్తాయి, ఏప్రిల్‌లో నిద్రపోతాయి. సలహా సంస్థల ఖాతాలు ఆ నిద్రను అద్దంలా చూపుతాయి. ప్రభుత్వం ముందు తేల్చుకోవలసినది వేరు. రైట్స్‌ను డివిడెండు ఆవుగా ఉంచుకున్నదా, అమ్మదగిన ఆస్తిగా ఉంచుకున్నదా, లేక తన సొంత మేధగా ఉంచుకున్నదా? మూడూ కావాలంటున్నది కనుకనే చౌకధరకు టెండరు వేయమంటున్నది, తొంభై శాతం లాభం పట్టుకుపోతున్నది, తన ప్రశ్నలకు జవాబుల కోసం ప్రైవేటు కంపెనీల తలుపు కూడ తడుతున్నది.

పార్లమెంటులో ప్రభుత్వరంగ సంస్థల కమిటీ ఒకటున్నది. లోక్‌సభనుంచి 15 మంది, రాజ్యసభనుంచి ఏడుగురు. ఈ కమిటీ అడగవలసిన కాగితం ఒక్కటి నాకు తోస్తున్నది. గడచిన ఇరవై ఏళ్ళలో రైట్స్ తయారుచేసిన పెద్ద నివేదికల జాబితా. ఒక్కొక్కదాని ఎదుట అంచనా వేసిన ఖర్చు, అయిన ఖర్చు, అంచనా వేసిన రాకపోకలు, వచ్చిన రాకపోకలు. అందులో కలాదాన్ ఉండాలి, ఆఫ్రికా ఉండాలి, ఇంకా పుంజుకోని లైన్లు ఉండాలి. మరో కాగితంలో అవే మంత్రిత్వశాఖలు ప్రైవేటు సలహాదారులకు చెల్లించినది, వారిచ్చిన నివేదికలు. తెలుగు రాష్ట్రాలనుంచి వచ్చిన సభ్యులలో లెక్క తెలిసినవారికి, ఇంజనీరింగు చదివినవారికి కొదవలేదు. వచ్చే సమావేశాలలో ఎవరైనా ఈ ప్రశ్న పెడితే, జవాబు వచ్చిన వారం ఈ శీర్షికలోనే దానిని పూర్తిగా పాఠకుల ముందుంచుతాను.