కులం కాలమ్ ఖాళీగా ఉన్న కౌన్సిల్

పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ కౌన్సిల్‌కు చివరిసారి ఎన్నికలు జరిగింది 2022 మార్చిలో. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చింది. పేరు మారినా రాజ్యాంగం పెట్టిన గడువు మారదు. 243యు అధికరణ ప్రకారం ఏ మున్సిపాలిటీకైనా ఐదేళ్లే ఆయుష్షు. అంటే 24 వార్డుల కౌన్సిలర్లు 2027లో మళ్లీ ఇంటింటికీ వచ్చి ఓట్లు అడగాలి. పదవిలో ఉన్నవాళ్లు ఓట్లు అడిగేటప్పుడు దేశంలో ఎక్కడైనా రెండు మాటలు చెబుతారు. ఊరిని శుభ్రంగా, పచ్చగా ఉంచాం. అన్ని సమాజాలనూ కలుపుకుపోయాం. మొదటి మాటకు లెక్క అడగడం మనకు అలవాటే. రెండో మాటకు లెక్క తీయాలంటే మాత్రం ఈ ఊళ్లో ఒక చిక్కు ఉంది. దానికి కావాల్సిన కాలమ్ ప్రభుత్వ కాగితాల్లో ఖాళీగా ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో షెడ్యూల్డ్ తెగలవాళ్లు 28,530 మంది. షెడ్యూల్డ్ కులాలవాళ్లు సున్నా. ఈ సున్నా అంటే దళితులు లేరని కాదు. నాగాలాండ్, లక్షద్వీప్‌ల లాగే ఈ దీవులకూ రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీల జాబితా లేదు. జాబితా లేకపోతే మనిషి ఉన్నా లెక్కలోకి రాడు.

ఈ సున్నా నేరుగా కౌన్సిల్ హాల్లోకి నడిచి వస్తుంది. 243టి అధికరణ ప్రకారం మున్సిపాలిటీలో ఎస్సీలకు వాళ్ల జనాభా నిష్పత్తిలో సీట్లు కేటాయించాలి. పంచాయతీల్లో 243డి అదే చెబుతుంది. జనాభా సున్నా అయితే సీట్లు కూడా సున్నా. విశాఖపట్నంలో ఒక మాల లేదా మాదిగ మహిళ రిజర్వుడు వార్డు నుంచి కార్పొరేటర్ కావచ్చు. అదే మహిళ విశాఖ రేవులో ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటి ఇక్కడ స్థిరపడితే ఆమెకు మహిళగా రిజర్వేషన్ ఉంటుంది, దళితురాలిగా ఉండదు. ఓడలో ఆమె కులం ఎక్కడా దిగిపోలేదు. దిగిపోయింది ఆమె హక్కు మాత్రమే.

దీనికి న్యాయస్థానాలు వేసిన ముడి కూడా ఉంది. 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మర్రి చంద్రశేఖరరావు కేసు తెలుగు విద్యార్థిదే. తెనాలిలో పుట్టి, ఆంధ్రలో ఎస్టీ గుర్తింపు ఉన్న ఆ విద్యార్థి ముంబైలో మెడికల్ సీటు అడిగితే, ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లిన మరో రాష్ట్రానికి వెంట రాదని కోర్టు తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సూత్రాన్నే నిలబెట్టింది. వలస వెళ్లినవాళ్లకు హోదా వెంట రాదు, చేరిన చోట జాబితా ఉండదు. ఈ రెండింటి మధ్య పడినవాళ్లు కొన్ని తరాలుగా ఈ దీవుల్లో బతుకుతున్నారు.

ఎవరు వాళ్లు? తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన వాళ్లను 1949 నుంచి ఇక్కడ స్థిరపరిచారు. వాళ్లలో నామశూద్రులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పశ్చిమ బెంగాల్లో వాళ్లు ఎస్సీలు, ఇక్కడ కారు. 1918 నుంచి అడవి పనుల కోసం ఛోటానాగపూర్ నుంచి తెచ్చిన ఒరావ్, ముండా, ఖడియా కూలీలను ఇక్కడ 'రాంచీలు' అంటారు. జార్ఖండ్‌లో వాళ్లు ఎస్టీలు, ఇక్కడ కారు. మా ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి జంగ్లీఘాట్ లాంటి చోట్ల వలలు వేసుకు బతికే మత్స్యకారులది మరో కథ. ఆంధ్రలో వాడబలిజలు, జాలరులు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఇక్కడి ఓబీసీ జాబితా కులాల వరుసలో లేదు, ఎవరు ఎప్పుడు ఎలా వచ్చారన్న చరిత్రను బట్టి కట్టింది. స్థానికంగా పుట్టినవాళ్లు, బెంగాలీ సెటిలర్లు, భాంటూలు, మోప్లాలు, కరెన్‌లు. ఆ వరుసలో తెలుగు జాలరి పేరు లేదు.

ఇక్కడ తెలుగువాళ్లు తక్కువేం కాదు. 2011 లెక్కల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 2022 ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వార్డులు గెలిచింది. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి కౌన్సిల్ ఛైర్‌పర్సన్ అయ్యారు. సముద్రం అవతల తెలుగు పార్టీ జెండా ఎగిరిందని ఇక్కడ సంబరం చేసుకున్నారు. ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం మంచిదే. అయితే 'తెలుగు సమాజం' అనే మాట కింద ఎవరెవరు ఉన్నారు, వాళ్లలో ఎవరు గుత్తేదారు, ఎవరు కూలీ అన్న ప్రశ్న ఆ సంబరంలో వినపడలేదు. అండమాన్‌ను 'మినీ ఇండియా' అంటారు. ఆ మాటలో భాషలన్నీ వరుసగా కనిపిస్తాయి. కులాలు కనిపించవు. అందుకే 'అన్ని సమాజాలనూ కలుపుకుపోయాం' అని కౌన్సిలర్ చెప్పినప్పుడు ఆ లెక్కలోకి వచ్చేవి భాషా సంఘాలు, వాటి భవనాలు, వాటి పండుగలు. తమిళ సంఘానికి ఏం చేశాం, తెలుగు సంఘానికి ఏం చేశాం అన్నది రికార్డు అవుతుంది. ఆ సంఘం లోపల ఎవరి వీధికి నీళ్లు వచ్చాయన్నది రికార్డు కాదు.

కౌన్సిలర్ పదవి చిన్నదే కదా అని ఎవరైనా అనొచ్చు. వేరే చోట కావచ్చు, ఇక్కడ కాదు. అండమాన్‌కు శాసనసభ లేదు, ఎమ్మెల్యేలు లేరు. పార్లమెంటులో ఒక్క ఎంపీ. మిగతా పాలన అంతా లెఫ్టినెంట్ గవర్నర్, అధికారులది. 1994 మున్సిపల్, పంచాయతీ రెగ్యులేషన్ల కింద ఎన్నికయ్యే కౌన్సిలర్లు, పంచాయతీ సభ్యులు తప్ప జనం ఓటేసి పంపే ప్రతినిధి మరొకరు లేరు. అలాంటి చోట కౌన్సిల్లో ఎవరు లేరో వాళ్లు దాదాపు మొత్తం ప్రజాస్వామ్యంలోనే లేనట్టు.

స్థానిక సంస్థల గురించి బాబాసాహెబ్‌కు భ్రమల్లేవు. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లుపై మాట్లాడుతూ, అణగారిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయతీని తాను ఒప్పుకోనని ఆయన స్పష్టంగా చెప్పారు. దానికి ముందు ఆయన చూసిన ఒక మున్సిపాలిటీ కథ మనందరికీ తెలుసు. మహాడ్ పురపాలక సంఘం 1924లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉంది, చెరువు దగ్గర లేదు. 1927 మార్చి 20న ఆయన వేల మందితో వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆ మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. నీళ్లు, చెరువు, ఉమ్మడి ఆస్తి... ఇవాళ మనం పర్యావరణం అంటున్నవన్నీ అందులో ఉన్నాయి. మున్సిపాలిటీ రికార్డును తీర్మానాల సంఖ్యతో కొలవకూడదని, ఆ నీళ్లు ఎవరి దోసిట్లోకి చేరాయో చూడాలని మహాడ్ మనకు నేర్పింది.

ఆ కొలతతో శ్రీ విజయపురం రికార్డును ఎలా చూడాలి? మొదట చెత్త. ఊరి చెత్త బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. చిన్న దీవి, చుట్టూ సముద్రం, పక్క జిల్లాకు లారీలో పంపించే వీలు లేదు. పర్యాటకులు తెచ్చే సీసాలు, ఓడల్లో వచ్చే ప్యాకింగ్ అన్నీ ఇక్కడే మిగులుతాయి. తడి, పొడి చెత్త వేరుచేయాలని, చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి వ్యవస్థలో చేర్చుకోవాలని 2016 నిబంధనలు చెప్పాయి. కాబట్టి ఎన్ని టన్నులు ఎత్తామన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు. ఎత్తినవాళ్లలో ఎంతమంది పర్మినెంట్, ఎంతమంది గుత్తేదారు కింద? వాళ్లకు గ్లవుజులు, బూట్లు, పీఎఫ్ ఉన్నాయా? యార్డు పక్కన ఎవరి ఇళ్లు ఉన్నాయి?

తర్వాత సెప్టిక్ ట్యాంకులు. 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని ట్యాంకుల్లోకి దించడాన్ని నిషేధించింది, సర్వే చేసే బాధ్యత స్థానిక సంస్థలపై పెట్టింది. 2023 అక్టోబర్‌లో బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పని దేశమంతటా ఏ కులాల మీద పడిందో చెప్పనక్కర్లేదు. ఎస్సీలు సున్నా అని రాసుకున్న చోట ఆ పని ఎవరు చేస్తున్నారో రాసే కాగితమే లేదు.

నీళ్ల సంగతీ అంతే. ధనీఖారి ఆనకట్ట మీద ఆధారపడిన ఊరు ఇది. ఎండాకాలం వస్తే కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు. ట్యాంకు కట్టుకోగలిగిన ఇంటికి అది ఇబ్బంది, బిందెలతో నిలబడే ఇంటికి ఒక రోజు కూలి. వార్డుల వారీగా ఎన్ని గంటలు నీళ్లు వదిలారో బయటపెట్టడానికి కౌన్సిలర్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పర్యావరణం పేరుతో పేదల్ని దోషుల్ని చేసే పద్ధతిని కూడా ఇక్కడే పట్టుకోవాలి. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు వాణిజ్య కలప నరికివేతను ఆపమంది, ఇసుక తవ్వకం తగ్గించమంది, అటవీ భూముల్లో ఆక్రమణలు తొలగించమంది. అడవులు నిలవడానికి ఆ ఆదేశాలు అవసరమే. కానీ ఆ అడవుల్ని సర్కారు కోసం నరికిన రాంచీ కూలీలకు పని అయ్యాక పట్టా ఇవ్వలేదు. వాళ్లలో చాలామంది ఇవాళ 'ఆక్రమణదారులు'. ఏ గుర్తింపూ లేనివాడి గుడిసె తీయించి దాన్ని పచ్చదనం ఖాతాలో వేసుకోవడం చాలా తేలిక.

ఇంత చెప్పాక మనవైపు కూడా చూసుకోవాలి. దళిత, బహుజన సెటిలర్లు ఈ దీవుల్లో బాధితులే, కానీ ఈ నేల మొదటి హక్కుదారులు మాత్రం కారు. గ్రేట్ నికోబార్‌లో 1969 నుంచి స్థిరపరిచిన మాజీ సైనికుల కుటుంబాల్లో ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే ప్రాజెక్టుకు 2022లో అనుమతులు వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టులో సెటిలర్ల పంచాయతీల గ్రామసభ సమ్మతిని అధికారులు చూపించారు. నవంబర్‌లో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి తాను ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని వెనక్కి తీసుకుంది. షోంపెన్‌ల తరఫున మాట్లాడే గొంతు ఆ ప్రక్రియలో ఎక్కడా లేదు. మన ప్రాతినిధ్యం కోసం మనం అడిగే సూత్రమే వాళ్లకూ వర్తించాలి. ఒకరి నేల మీద ఇంకొకరి సంతకం చెల్లదు. ఎస్సీ జాబితా అడిగే ఉద్యమం నికోబారీల, షోంపెన్‌ల, జారవాల భూమి జోలికి రానని ముందే చెప్పాలి. చెప్పకపోతే అది బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న సెటిలర్ రాజకీయమే అవుతుంది.

కులం లేని చోటికి కులం తెస్తున్నారని ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కొట్టిపారేయలేం. ఖైదీల కాలనీగా మొదలైన ఈ ఊళ్లో కులాంతర, మతాంతర పెళ్లిళ్లు జరిగాయి. స్థానికంగా పుట్టినవాళ్లలో కుల కట్టుబాట్లు నిజంగానే సడలాయి. అది గర్వించాల్సిన చరిత్ర. కానీ 1949 తర్వాత వచ్చినవాళ్లు కుటుంబాలుగా, చుట్టరికాలుగా, ఊళ్లకు ఊళ్లుగా వచ్చారు. సంబంధాలు స్వగ్రామంలోనే చూసుకునేవాళ్లకు కులం సముద్రంలో కరిగిపోదు. కరిగిపోయిందన్నదే నిజమైతే లెక్క తీయడానికి భయమెందుకు? కులం లేదని రుజువు చేసేదీ లెక్కే.

ఆ లెక్కకు తరుణం కూడా ఇదే. రాబోయే జనగణనలో కులం నమోదు చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. దేశంలో ఎక్కువ భాగానికి గణన తేదీ 2027 మార్చి 1. కౌన్సిల్ గడువు, కుల గణన ఒకే కాలంలో ఎదురవుతున్నాయి. ఎస్సీ జాబితా మార్చడం రాష్ట్రపతి, పార్లమెంటు చేతిలో ఉన్న పని, కౌన్సిలర్ చేతిలో లేదు. కానీ కౌన్సిలర్ చేయగలిగిన పనులు మూడున్నాయి. ఈ దీవుల్లోని దళిత, ఆదివాసీ సెటిలర్ల స్థితిపై అధ్యయనం చేసి జాబితా పరిశీలించాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేయడం. పారిశుధ్య కార్మికుల జీతం, కాంట్రాక్టు, స్వస్థలం, కులం వివరాలు వాళ్ల ఇష్టంతో నమోదు చేసి మొత్తం అంకెల్ని ప్రచురించడం. నీళ్లు, చెత్త, డ్రైనేజీ ఖర్చును వార్డుల వారీగా ప్రజల ముందు పెట్టడం.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనకూ ఇందులో పని ఉంది. వలస మీద, తీరప్రాంతాల మీద తెలుగులో జరిగే పరిశోధన చాలావరకు గల్ఫ్ దగ్గర, హైదరాబాద్ దగ్గర ఆగిపోతుంది. శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లినవాళ్ల మీద, వాళ్ల కుల ధ్రువపత్రాలు ఏమయ్యాయన్నదాని మీద పని చేయడానికి ఎంతో చోటుంది.

ఓటరు కూడా ఈ మూడు పనుల గురించే అడగాలి. వాటిలో ఒక్కటైనా చేసిన కౌన్సిలర్ ఏ పార్టీ అయినా, ఏ భాష అయినా, మళ్లీ ఓటు అడిగే అర్హత ఉంది. మొక్కలు నాటిన ఫొటోలు, సంఘ భవనం ప్రారంభోత్సవం శిలాఫలకాలు తప్ప చూపించడానికి ఏమీ లేనివాళ్లకు, వాళ్ల వార్డులో తెల్లవారుజామున చెత్తబండి నెట్టే మనిషి పేరు తెలుసా అని అడిగితే చాలు.