టైమ్ తగ్గించమని కాదు, నీళ్లలో చోటు ఇమ్మని అడుగుదాం



పోయిన వారం మన గ్రూపులో పెద్ద వాదనే నడిచింది. జూనియర్ ఈత పోటీలకు పెట్టే క్వాలిఫయింగ్ టైమ్‌ని గిరిజన పిలకాయలకు సడలించాలని కొందరు, అట్టా అడగడం మనకే తక్కువని కొందరు. మేము నెల్లూరు తీరంలో యానాది కాలనీల పిల్లలతో మూడు వేసవులుగా ఉప్పుటేట్లో టైములు రాస్తున్నాం. అందుకని మా మాట కూడా పెడుతున్నాం. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు, ఈ టైమ్ అంటే ఏందో చూద్దాం. చాలామంది దీన్ని ఈఏపీసెట్ కటాఫ్ లాంటిది అనుకుంటున్నారు. కాదు. కటాఫ్ పరీక్ష అయ్యాక, సీట్లను బట్టి తేలుతుంది. క్వాలిఫయింగ్ టైమ్ పోటీకి ముందే కాగితం మీద ఉంటుంది. పక్కవాడు ఎంత కొట్టినా నీకు సంబంధం లేదు, ఆ అంకె అందుకున్నావా లేదా అనేదే లెక్క. 1:56.48 అని రాసుంటే ఒక నిమిషం, 56 సెకన్లు, సెకనులో నూటికి 48 వంతులు. ప్రపంచ స్థాయి పోటీల్లో 'ఎ' టైమ్, 'బి' టైమ్ అని రెండు ఉంటాయి. ఒక ఈవెంట్‌కి ఒక దేశం నుంచి ఇద్దరు పోవాలంటే ఇద్దరూ 'ఎ' కొట్టాలి. 'బి' మాత్రమే ఉంటే ఒక్కరికే దారి. ఆ టైమ్ కూడా గుర్తింపు ఉన్న పోటీలో, చెప్పిన తేదీల మధ్య, 50 మీటర్ల కొలనులో వచ్చి ఉండాలి. ఇంటి దగ్గర ఎంత కొట్టినా చెల్లదు.

ఆ నూరో వంతు ఎంత విలువైందో 2021 జూన్‌లో రోమ్‌లో తెలిసింది. కేరళ అబ్బాయి సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈదాడు. ఒలింపిక్ 'ఎ' టైమ్ 1:56.48. అంటే సెకనులో పదో వంతు తేడా. ఆ వేగంలో దాన్ని దూరంగా లెక్కేస్తే జానెడు కూడా రాదు. ఆ జానెడు లోపలే 'ఎ' టైమ్ కొట్టి నేరుగా ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయ ఈతగాడు అయ్యాడు.

ఇప్పుడు మన సంగతి. "మనోళ్లకు ఈత పుట్టుకతోనే వస్తుంది, కొలనులో దింపితే చాలు" అని గ్రూపులో చాలామంది రాశారు. మేమూ అదే అనుకున్నాం. నీళ్ల పైన 50 మీటర్ల నైలాన్ తాడు కట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి మా పిల్లోడొకణ్ణి ఈదించాం. 33 సెకన్లు వచ్చింది. కాలనీ అంతా సంబరం. ఆ తర్వాత బుద్ధొచ్చి ఎదురు దిక్కున ఈదిస్తే 43! పాటు నీళ్లు మొదటిసారి వాణ్ణి మోసుకుపోయాయి. రెండూ కలిపి చూస్తే నిలకడ నీళ్లలో వాడి టైమ్ 37, 38 దగ్గర. 2025లో ఒక ఎంపిక పోటీకి తీసుకెళ్తే కొలనులో వచ్చింది 39.12.

ఎందుకని? వాడు అంతకుముందు స్టార్టింగ్ బ్లాక్ ఎక్కలేదు. విజిల్ విని దూకితే పొట్ట నీళ్లకు తగిలి పడ్డాడు. కళ్లద్దాలు లేవు, క్లోరిన్‌కి కళ్లు మండి లేన్ తాడు మీదికి పోయాడు. తల పైకెత్తి ఈదడం మనకు అలవాటు, ఎందుకంటే ఏట్లో వల ఎక్కడుందో, పడవ ఎక్కడుందో కనపడాలి. కొలనులో అదే తల నడుముని కిందికి దించి వేగాన్ని తినేస్తుంది. ఆ వయసు పిల్లలు జాతీయ పోటీల్లో 50 మీటర్లు ముప్పై సెకన్ల లోపే కొడతారు. మనకి వాళ్లకి మధ్య ఉన్న తేడా పదో వంతు కాదు, దాదాపు పది సెకన్లు. ఈ మాట రాయడానికి మాకూ కష్టంగానే ఉంది. కానీ దాచుకుంటే మోసపోయేది మన పిల్లలే.

మా వాణ్ణి ఇంకో దెబ్బ కొట్టింది. అది నీళ్లలో కాదు, కాగితంలో. జూనియర్ పోటీల్లో 15, 16, 17 ఏళ్లవాళ్లు గ్రూప్ 1, అంతకు చిన్నవాళ్లు గ్రూప్ 2. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లో చూస్తారు. అంటే పుట్టిన నెల కంటే పుట్టిన సంవత్సరం ముఖ్యం. వాడి స్కూల్ రిజిస్టర్లో 2010 జూన్ 1 అని ఉంది. వాళ్లమ్మ ఏం చెప్పిందంటే, "జల్ తుఫానుకి స్కూల్లో తలదాచుకున్నప్పుడు వీడు నా కడుపులో ఉన్నాడు నాయనా." జల్ వచ్చింది 2010 నవంబరులో. కడుపులో ఉన్న బిడ్డకు జూన్‌లోనే పుట్టినరోజు ఎట్టా వస్తుంది? ఎవరో అయ్యవారు అడ్మిషన్ రోజు తోచింది రాసేశారు. దాంతో 14 ఏళ్ల పిల్లోడు గ్రూప్ 1లో పడి, మీసాలొచ్చిన వాళ్ల పక్కన నిలబడ్డాడు. బల్ల దగ్గర అడిగితే "రికార్డు మార్చుకుని రండి" అన్నారు. అంతే.

అందుకే మేమంటున్నాం, సడలింపు అడగడం తప్పు ప్రశ్న. టైమ్ తగ్గించి మన పిల్లోణ్ణి 39 సెకన్లతో జాతీయ పోటీలో నిలబెడితే వాడికి దక్కేది ఏంది? చప్పట్లు కొట్టే జాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ ముసాంబానీ వచ్చాడు. క్వాలిఫయింగ్ టైమ్ లేకుండా, చిన్న దేశాలకిచ్చే అవకాశం మీద. 50 మీటర్ల కొలను చూడ్డమే అతనికి కొత్త. తన హీట్‌లో మిగతా ఇద్దరూ ఫాల్స్ స్టార్ట్‌తో పోతే ఒక్కడే ఈదాడు, 100 మీటర్లకు 1:52.72. లోకం అతని ధైర్యానికి చప్పట్లు కొట్టింది, కొందరు నవ్వారు కూడా. చాలామంది అక్కడితో కథ ఆపేస్తారు. కానీ అతను తర్వాత నాలుగేళ్లు సాధన చేసి 57 సెకన్ల లోపుకి తెచ్చుకున్నాడు. వీసా చిక్కు వల్ల 2004 ఏథెన్స్‌కి పోలేకపోయాడు. మనిషి మారింది సాధన దొరికాక, ఆగిపోయింది కాగితం దగ్గర. మన కథా ఇదే కదా?

గడియారానికి కులం తెలియదు. అది మనకు మంచిదే. ఇంటర్వ్యూలో మార్కులు తగ్గించొచ్చు, టచ్‌ప్యాడ్ మీద చెయ్యి పడ్డాక టైమ్‌ని ఎవరూ దిద్దలేరు. మనకు అన్యాయం జరిగేది గడియారం దగ్గర కాదు, గడియారం దాకా పోయే దారిలో. కొలను టౌన్లో, మన కాలనీ ఇరవై కిలోమీటర్ల అవతల. ఫీజు, బస్సు, కళ్లద్దాలు, కోచ్, ఇంట్లో ఒక రోజు పీతల వేట పోతే పోయే కూలి. సడలింపు అడగాల్సింది వీటిలో.

"రిజర్వేషన్ కూడా సడలింపే కదా, అక్కడ ఒప్పుకుని ఇక్కడ ఎందుకు వద్దంటారు?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. రిజర్వేషన్ మనల్ని కాలేజీ లోపలికి తీసుకెళ్తుంది, లోపల నాలుగేళ్లు చదువు ఉంటుంది. పోటీలో లోపలికి పోయాక ఉండేది అర నిమిషం. కాబట్టి మన వాటా అడగాల్సింది పోటీలో కాదు, సాధనలో. కొలను వేళల్లో, కోచింగ్ సీట్లలో, హాస్టళ్లలో.

మేము మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి, పుట్టిన తేదీ. పుట్టి ఏడాది దాటిన నమోదుకి మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ ఇవ్వొచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే స్కూల్లో చేర్చాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. ప్రతి కాలనీలో పత్రం లేని పిల్లల జాబితా మనమే రాసి, నెల్లూరు యానాది ఐటీడీఏకి ఇచ్చి, క్యాంపు పెట్టమని అడుగుదాం.

రెండు, కొలను. గురుకులం పిల్లలకు వారానికి రెండు రోజులు, ఒక లేన్, ఒక కోచ్, ఒక బస్సు. ఇంతే అడుగుదాం. 2026కి ఛత్తీస్‌గఢ్‌లో ఖేలో ఇండియా గిరిజన క్రీడలు ప్రకటించినప్పుడు పతక క్రీడల్లో ఈత కూడా ఉంది. అంటే అడగడానికి దారి ఉంది.

మూడు, నోటుబుక్కు. తేదీ, దూరం, పోటా పాటా, టైమ్. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. పక్కన పడవ, ఈతొచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా ఎవరినీ దించొద్దు.

మా పిల్లోడు ఈ మధ్య 36కి వచ్చాడు, తల దించి ఈదడం నేర్చుకున్నాక. ముప్పై ఇంకా దూరమే. వాళ్లమ్మ మాత్రం టైమ్ అడగదు. "ఆ కాగితం మారిందా నాయనా?" అంటుంది. ఇంకా మారలేదు. మీ కాలనీలో ఎందరికి పత్రం లేదో కింద రాయండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.