పది లక్షల కార్డు, పది గోలీలకు రాదు (మందుల మాట – 4)



పోయిన భాగం చదివి ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, ఆరోగ్యశ్రీ పది లక్షలుంది, ఆయుష్మాన్ ఐదు లక్షలుంది. ఇంకా ముసలోళ్లకు మందుల బాధేంది?" తమ్ముడి తప్పు లేదు. ఆ పథకాల గురించి మనకు చెప్పిన తీరే అట్లాంటిది.

ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని పెద్దమందడిలో మందుల షాపుకు పోండి. నెలకు సరిపడా బీపీ గోలీలు, షుగర్ గోలీలు ఇస్తాడా? ఇవ్వడు. అది మంచానికి ఇచ్చిన కార్డు, మందుకు కాదు. దవాఖానలో చేరితేనే కదులుతుంది. ఆయుష్మాన్ భారత్ అయితే లెక్క రాసే పెట్టింది: చేరకముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందుల ఖర్చు. పదహారో రోజు నుంచి నీ జేబే. షుగర్ ఏమన్నా పదిహేను రోజుల రోగమా? 2024 అక్టోబర్ 29న, 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా వయ వందన కార్డు అన్నారు. అదీ మంచం కార్డే. పైగా 70 ఏళ్లట! పాలమూరు లేబరుగా ఊరూరు తిరిగి డ్యాములు, కాల్వలు తవ్విన ఒళ్లు యాభై ఐదుకే ముసలిదైపోతుంది.

ఆరోగ్యశ్రీ మొదలైందే మన దగ్గర. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. అప్పటికి వనపర్తి జిల్లా లేదు, పెద్దమందడి మహబూబ్‌నగర్‌లోనే ఉంది. ఆ పథకంతో నిలబడ్డ గుండెలు మన వాడల్లో ఉన్నాయి, కాదనను. కానీ 2 లక్షల పరిమితి పెరుగుతూ పోయి 2023 డిసెంబర్‌లో 10 లక్షలైంది. ఇన్నేళ్లలో రోజూ మింగే గోలీ మాత్రం దాని లోపలికి రాలేదు. కొన్ని పెద్ద చికిత్సల తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ మందులిస్తారు, నిజమే. అంటే గుండెకు కోత పడ్డాక మందు ఇస్తారు. ఆ కోత పడకుండా ఆపే మందు నువ్వు కొనుక్కోవాలి.

ఎందుకిట్లా? కోత పడితే బిల్లు పుడుతుంది, ఆ బిల్లు ఒక ఆస్పత్రికి పోతుంది. ఆ ఆస్పత్రికి సంఘం ఉంటుంది, బకాయిలు రాకపోతే సేవలు బంద్ అంటుంది, మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వస్తుంది. అవ్వ రెండు రూపాయల గోలీ వెనుక ఏ సంఘం ఉంది? గోలీ అయిపోతే ఆమె చేసేది ఒక్కటే: రోజు విడిచి రోజు వేసుకోవడం. ఆ సమ్మె ఏ పేపర్లోనూ రాదు.

ఇక అసలు లెక్క. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన వాళ్లకు సీజీహెచ్‌ఎస్ ఉంది. హైదరాబాద్ వెల్‌నెస్ సెంటర్‌కు పోతే బీపీ, షుగర్ మందులు నెలల తరబడి సరిపడా ఇస్తారు. మంచంలో పడాల్సిన పని లేదు. ఆ సెంటర్లు లేని చోట ఉండే పింఛనుదారులకు ఓపీ ఖర్చుల కోసం నెలకు 1000 రూపాయలు స్థిర వైద్య భత్యం, 2017 జూలై నుంచి. వాళ్లకు వద్దనడం లేదు. రిజర్వేషన్‌తో ఉద్యోగం చేసి దిగిన మన పెద్దలూ అందులో ఉన్నారు, వాళ్లు ఆ వెయ్యికి అర్హులు. నేననేది ఇంతే: రోజూ వాడే మందుకు పైసలు ఇవ్వాలని ఈ సర్కారుకు తెలుసు. ఎట్లా ఇవ్వాలో కూడా తెలుసు. మరి 60 నుంచి 79 ఏళ్ల పేద ముసలివాళ్ల పింఛనులో ఇదే కేంద్రం వాటా ఎంత? నెలకు 200. అక్కడ గోలీలకే వెయ్యి, ఇక్కడ తిండికీ బట్టకూ గోలీకీ అన్నిటికీ కలిపి రెండొందలు.

రాష్ట్రం కలిపితే 2019లో 2016 రూపాయలైంది. నెల మందులు 700 అనుకోండి, మూడో వంతుకు పైనే షాపుకే. 2022 ఏప్రిల్‌లో నియంత్రణలో ఉన్న మందుల ధరలు 10.7 శాతం, మరుసటేడు 12.1 శాతం పెంచుకోవచ్చని కంపెనీలకు అనుమతి వచ్చింది. హోల్‌సేల్ సూచీ పెరిగిందట. ఆ రెండేళ్లూ అవ్వ పింఛను 2016 దగ్గరే ఉంది. గోలీకి సూచీ ఉంది, అవ్వకు లేదు.

బాబాసాహెబ్ 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. ఈఎస్‌ఐకి పునాది వేసిన అదార్కర్ నివేదిక ఆ కాలంలోనే వచ్చింది, చట్టం 1948లో. ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం, మందులు. కానీ అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. నాట్లేసిన చేతులు, మట్టి మోసిన చేతులు గేటు బయటే. ఆ బయట ఎవరున్నారో నేను చెప్పాలా?

"సర్కారు దవాఖానలో ఉచితంగానే ఇస్తారు కదా" అంటారు. ఇస్తారు. ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి బీపీ చూశారు, గోలీలు పంచారు, వాళ్ల కష్టానికి దండం. కానీ స్టాక్ ఉన్నప్పుడే ఇస్తారు. లేనప్పుడు "వచ్చే వారం రా" అంటారు. ఆ వారం మందుకు ఎవరూ బాకీ లేరు. బయట కొని బిల్లు తెస్తే తిరిగి ఇచ్చేవాళ్లు లేరు. ఆరోగ్యశ్రీకి ట్రస్టుంది, కార్డుంది, ఫిర్యాదు నంబరుంది. గోలీకి అవేవీ లేవు. జన ఔషధి షాపుల్లో సగం ధరకూ అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి, మంచిదే, వాడుకోండి. కానీ డాక్టర్ బ్రాండు పేరు రాస్తే షాపువాడు వేరే కంపెనీ గోలీ ఇవ్వడానికి రూల్ ఒప్పదు. ఆ షాపు దాకా పోయే బస్సు చార్జీ సంగతి ఎవరడుగుతారు?

అమెరికాలో చదివే మనవాళ్లు కొందరు ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ముసలివాళ్ల మెడికేర్ అక్కడ 1965లో వచ్చింది. దవాఖాన ఖర్చుంది, ఇంట్లో మింగే గోలీకి లేదు. దానికి పార్ట్ డి వచ్చేసరికి 2006. నలభై ఏళ్లు! అదీ ప్రైవేటు బీమా కంపెనీల చేతుల్లో, ధర బేరమాడే హక్కు సర్కారుకు లేకుండా. ఆ కట్టు విప్పింది 2022 చట్టం. 2025లో ముసలివాళ్ల జేబు ఖర్చుకు 2000 డాలర్ల హద్దు పెట్టారు. బీమా కంపెనీల రాజ్యం కూడా చివరికి ఒప్పుకుంది, గోలీ లేని కవరేజీ సగం కవరేజీ అని.

అంత దూరం ఎందుకు, 1994లో పెట్టిన తమిళనాడు మందుల కార్పొరేషన్ మందులు టోకున కొని సర్కారు దవాఖానలకు పంపుతోంది. 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగర్ గోలీలు ఇంటి గుమ్మంలోకి తెచ్చే పథకం పెట్టారు. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2 నుంచి సర్కారు దవాఖానల్లో ఉచిత మందులు మొదలుపెట్టింది. డబ్బు లేక కాదు మన దగ్గర ఆగింది. వనపర్తికి 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. ఆ కాలేజీలో రాసే చీటీకి ఊళ్లో గోలీ దొరకాలిగా?

అడగాల్సింది కొత్త కార్డు కాదు. నెల మందు హక్కుగా, రాతపూర్వకంగా కావాలి. స్టాక్ లేని రోజు బయట కొన్న బిల్లు సర్కారే కట్టాలి. ప్రతి దవాఖాన గోడ మీద ఆ వారం ఉన్న మందులు, లేని మందులు రాయాలి.

ఈ నెల ప్రతి మండలంలో ఇద్దరు కూర్చుని సమాచార హక్కు దరఖాస్తు రాయండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. అడిగేవి మూడే: మీ దవాఖానలో బీపీ, షుగర్ మందుల కోసం పేరు రాసుకున్న 60 దాటినవాళ్లు ఎందరు, పోయిన 12 నెలల్లో ఏ మందు ఎన్ని రోజులు లేదు, లేని రోజుల్లో వాళ్లకు ఏం ఇచ్చారు. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చినా, రాకపోయినా ఇక్కడ పెట్టండి. పేర్లు తీసేసి ఐదో భాగం వాటితోనే రాస్తాను.