గృహవిషయములు: పాత ఫైబరు పడవ

ఈ శీర్షిక క్రింద మేము సాధారణముగా ఊరగాయలు, పాత చీరలు, పసిబిడ్డల జ్వరములు మొదలగు వానిని గూర్చి ముచ్చటించుచుందుము. ఈ మాసమున పడవను గూర్చి వ్రాయబూనితిమనిన కొందఱు నవ్వుకొనవచ్చును. పడవకును వంటయింటికిని సంబంధమేమని అడుగవచ్చును. కాని వేసవిలో నొకపర్యాయము విశాఖపట్టణమున పెద జాలారిపేటకు పోయి చూచినవారు ఈ ప్రశ్న నడుగరు. అచ్చట పడవ ఇంటి ముంగిటనే బోరగిలపడి యుండును. దానిని అఱగదీయగా లేచిన గాజుపొడి ఆరవేసిన బట్టలమీదను, చెఱిగిన బియ్యముమీదను పడును. దానికి పూయు మందు వాసన ఉయ్యాలలోని బిడ్డకు సోకును. దాని ఖర్చునకై తాకట్టుకు పోవునది ఇల్లాలి మెడలోని బంగారము. ఇన్ని విధముల ఇంటిని అంటుకొనియున్న పనిని గూర్చి ఇల్లాలికి ఏమియు తెలియకుండుట మంచిది కాదు.

ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవలును, ఇంజను బిగించిన పడవలును వేటకు పోరాదని సర్కారువారి నిబంధన. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలము. ఆ రెండు నెలలును మగవారు గట్టున నుందురు, ఆడువారి గంపలు చూరునకు వ్రేలాడుచుండును. మరమ్మతునకు ఏడాదిలో నదియే అదను. గడువు తీరిన నాటి రాత్రి తక్కిన పడవలతోపాటు నీటిలోనికి దిగలేని పడవ ఆ యింటికి ఆస్తి కాదు, అప్పు.

పూర్వము మన తీరమున వాడిన తెప్పలు దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టినవి. కెరటములను దాటు మసూలా పడవలలో మేకన్నది లేదు. పలకలను కొబ్బరినార త్రాటితో చీరకు అంచు కుట్టినట్లు కుట్టెడివారు. అల కొట్టినపుడు ఆ కుట్టు కొంచెము లొంగును గాని పలక విఱుగదు. త్రాడు చివికినయెడల విప్పి మరల కుట్టుకొనుటయే దాని మరమ్మతు. 1933లో రేవు తెఱవకమునుపు ఓడలు దూరమున లంగరు వేసి నిలువగా, సరుకును జనమును గట్టునకు చేర్చినవి ఈ కుట్టుపడవలే. రేవు వచ్చినది, 1941లో ఓడల కర్మాగారమునకు పునాదిరాయి పడినది, 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీటిలోనికి దింపిరి. వీనిని గూర్చి గ్రంథములు కలవు. ఇసుకమీది చిన్న పడవలను గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఉక్కు కర్మాగారమున్న ఊరిలో నుండియు మన జాలరులు ఉక్కు పడవ నేల కోరరని మమ్ము నొక సోదరి అడిగినది. ఉప్పునీటికి తుప్పు పట్టుట యొక కారణము. బరువు రెండవది. కెరటములలో నుండి పడవను పదిమంది భుజము పట్టి ఇసుకపైకి లాగవలెను గదా! కఱ్ఱ ప్రియమైనది, దానిని సముద్రపు పురుగు తొలుచును. కావుననే తేలికయు, పురుగు పట్టనిదియు నగు ఫైబరు మన తీరమునకు వచ్చి నిలిచినది.

ఈ ఫైబరు అనునది గాజే. గాజును కరిగించి సన్నని దారములుగా లాగు విద్య 1930ల ప్రాంతమున అమెరికాలో వృద్ధి పొందినది. ఆ దారములను పాలియెస్టరు రెజిను అను జిగురులో తడిపి పడవ చేసిన మొదటివారిలో రే గ్రీను అను నతని పేరు చెప్పుదురు, అది 1942వ సంవత్సరము. గాజుదారము లాగిన తెగదు గాని దానికి ఆకారము నిలువదు. రెజినునకు ఆకారము నిలుచును గాని అది ఒక్క దెబ్బకు పగులును. రెండును కలిసినపుడే గట్టితనము. అన్నిటిపైన జెల్‌కోటను నునుపైన రంగుపూత యుండును. అది పడవకు చర్మము వంటిది.

ఆ చర్మము ఎండకు సున్నము రాలినట్లు పొడి రాలును, ఇసుకమీద ఈడ్చుటచే గీతలు పడును. గీతల వెంట నీరు లోపలికి దిగును. నీరు లోపల నిలిచి, సరిగా గట్టిపడని రెజినును కరిగించి పులియును. అప్పుడు పైపూత పొక్కులెత్తును. పొక్కును చిదిమినచో చుక్క నీరు కాఱి పులికషాయపు వాసన వేయును. కాలిన పొక్కు వలెనే ఇదియును పైకి చిన్నది, లోపల పెద్దది.

పాత పడవ బాగుపడునా లేదా అని చూచుటకు యంత్రమేమియు నక్కఱలేదు. సంతలో కుండ కొనునపుడు మనమేమి చేయుదుము? వ్రేలు మడిచి కొట్టి చూతుము. పడవ నడుగునను, ప్రక్కలను చిన్న సుత్తితోనో రూపాయి బిళ్ళతోనో జానెడున కొక్కచోట తట్టుచు పోవలెను. గట్టిగానున్న చోట ఖంగుమని పలుకును. లోపల పొరలు విడిన చోట బొదబొదమనును. అట్టి చోటనెల్ల సుద్దతో చుట్టు గీయవలెను.

మే మెఱిగిన యొక జాలరి యింట నిట్లే జరిగినది. పడవ పదునైదేండ్లకు పైబడినది. అణియమున మూరెడు పగులు. ఇంటి యజమాని పుట్టీ పెట్టి, రంగు వేసి మూడు దినములలో ముగింతమని నిశ్చయించుకొనెను. అతనిని నిందింపలేము; ఇంజను కొన్న అప్పు తీఱలేదు, వడ్డీ నెలనెలకు పెరుగుచున్నది. భార్య మాత్రము సుద్దముక్క పట్టుకొని పడవచుట్టు తిరిగినది. అమరమున ఇంజను బిగించు పలకను తట్టి, “ఏటి మావా, ఇక్కడ ఓటికుండలాగ పలుకుతోంది? పగులు సంగతి తరవాత, ముందు ఇది చూడు” అన్నది. అతడు విసుగుకొని, “అది ఎప్పుడూ అలాగే పలుకుతాది” అనెను. ఆమె పోయి మరచీల విప్పి చూపినది. రంధ్రమునుండి నల్లని నీరు కాఱినది.

ఆ పలక లోపల కఱ్ఱ యుండును. దాని కిరువైపుల ఫైబరు తొడిగియుందురు. మరచీలల చుట్టునుండి నీరు దిగి కఱ్ఱ కుళ్ళినను పైకి తెలియదు. ఇంజను బరువును, దాని త్రోపుడును సమస్తము ఆ పలకమీదనే పడును. నడిసముద్రమున అది ఊడినచో ఇంజను నీటిపాలు, వెనుకనుండి వచ్చు అల పడవలోనికి. అణియపు పగులు కంటికి కనబడును గనుక అందఱును దానినే చూతురు. ప్రాణము తీయునది అమరము.

కుళ్ళిన కఱ్ఱను తొలగించుటకే వారికి నాలుగు దినములు పట్టినది. దాని తరువాత ఆరబెట్టుట. ఈ పనిలో మగవారికి సహనము లేనిది ఇచ్చటనే. పొక్కులను తెఱచి, మంచినీటితో పలుమారులు కడిగి ఉప్పు విడిపించి, వారములకొలది గాలికి విడువవలెను. విశాఖపట్టణపు వేసవిలో ఎండ మెండే గాని గాలిలో చెమ్మయు మెండు. అప్పడము పైకి ఎండినట్లు కనబడి డబ్బాలో బూజు పట్టుట మన కెఱుకయే గదా! తడిమీద వేసిన పొర అంటదు. కావున ఆరబెట్టుటకు తొలి మాసమును, పొరలు వేయుటకు రెండవ మాసమును అని పంచుకొనుట మంచిది.

పగులుచుట్టు అఱగదీయునపుడు గోడవలె నిలువుగా కోయరాదు. పళ్ళెపు అంచువలె ఏటవాలుగా తీయవలెను. మందమునకు పండ్రెండింతల వెడల్పు వాలు ఉండవలెనని పనివారి లెక్క. పడవ మందము 5 మిల్లీమీటర్లయిన పగులునకు ఇరుప్రక్కల 60 మిల్లీమీటర్లు. ఈ పొడి గాజుపొడి. ఒంటికి తగిలిన దురద, ఊపిరితిత్తులలో చేరిన దగ్గు. పనివారు ముక్కునకు మంచి ముసుగు, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. ఆ బట్టలను పసిబిడ్డల బట్టలతో కలిపి ఎన్నడును ఉతుకరాదు. ఒంటిని ముందుగా చన్నీటితోనే కడుగవలెను. వేడినీరు చర్మరంధ్రములను తెఱచి దురద హెచ్చించునని పనివారందురు.

రెజిను కలుపుట పాలకు తోడువేయుట వంటిది. వేసవిలో తోడు తక్కువ, చలికాలమున నెక్కువ. కిలో రెజినునకు హార్డెనరు 10 మొదలు 20 మిల్లీలీటర్ల వఱకు వాడుదురు. మన మే నెల ఎండలో 10 చాలును. హెచ్చైనచో గిన్నెలోనే కుతకుత వేడెక్కి, పొగలెగసి గడ్డకట్టును. కావున ప్రొద్దున్నే, ఎండ ముదురకముందే, అఱగంటలో ఖర్చగునంతయే కలుపుకొనవలెను. ఇచట నొక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. అంగడివారు హార్డెనరుతోపాటు కోబాల్టు అను ఊదారంగు ద్రవమును గూడ ఇత్తురు. కోబాల్టును ముందు రెజినులో బాగుగ కలిపి, ఆ పిమ్మటనే హార్డెనరు వేయవలెను. ఆ రెంటిని సూటిగా కలిపినయెడల భగ్గున మండును, ప్రేలవచ్చును. వానిని ఒకే బల్లమీద గూడ ఉంచరాదు. హార్డెనరు చుక్క కంటిలో పడిన చూపు పోవచ్చును. తత్‌క్షణమే కనీసము పావుగంట నీటిధారతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తవలెను. ఖాళీ మందుసీసాలలోను, మంచినీళ్ళ సీసాలలోను ఈ ద్రవములను పోసి అలమరలో పెట్టు ఇండ్లు కలవు. అంతకంటె తెలివిమాలిన పని మఱియొకటి లేదు.

పొరలు వేయుట మాత్రము చూడముచ్చటయైన పని. చాపవంటి గాజు మ్యాటును చిన్నది, దానికంటె పెద్దది, అటుపై మఱింత పెద్దది అని ముక్కలు కత్తిరించుకొని, కుంచెతో రెజిను తడిపి ఒకదానిమీద నొకటి పఱచుదురు. కిలో మ్యాటునకు రెజిను రెండు మొదలు రెండున్నర కిలోలు. తెల్లని మ్యాటు తడిసి నీళ్ళవలె తేటపడినపుడు సరిగా తడిసినట్లు. ఇంకను తెల్లగా కనబడు చుక్కలు గాలిబుడగలు. వానిని గాళ్ళు గల ఇనుప రోలరుతో వెలికి త్రోయవలెను. మడతకాజా పొరలలో గాలియున్న రుచి, పడవ పొరలలో గాలియున్న నీటికి దారి.

ఇక వాసనను గూర్చి. రెజినులో మూడవవంతునకు పైగా స్టైరీను అను ద్రవముండును. విశాఖపట్టణ వాసులకు ఈ పేరు క్రొత్త కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్. ఆర్. వెంకటాపురము వద్ద నొక కర్మాగారమునుండి వెలువడి పండ్రెండుగురి ప్రాణములు తీసినది ఈ స్టైరీను ఆవిరియే. గిన్నెడు రెజిను అంత పని చేయదు, నిజమే. కాని తలుపులు మూసిన గదిలో దినమెల్ల పీల్చిన తలనొప్పియు, వికారమును తప్పవు. గర్భిణులును, పసిబిడ్డలును ఆ దినములలో పుట్టింటనో ఇరుగుపొరుగునో ఉండుట మేలు. ఈ ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి పొయ్యిని చేరి అంటుకొనును. పని జరుగునంతసేపు ముంగిట పొయ్యి వెలిగింపరాదు, చుట్ట కాల్పనీయరాదు. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి చేపల రేవులో నిప్పంటుకొని ముప్పదికి పైగా పడవలు కాలిపోయినపుడు, బారులుతీఱిన పడవలు ఎంత వేగమున నొకదాని కొకటి అందుకొన్నవో ఊరంతయు చూచినది.

పైన చెప్పిన యింటివారు అమరపు పలకను క్రొత్త కఱ్ఱతో కట్టి, మరచీలల రంధ్రములను రెజినుతో మూసి మరల తొలిచి, అణియపు పగులు పూర్తిచేయునప్పటికి జూన్ 14 దాటి ఎనిమిది దినములైనది. ఆ ఎనిమిది దినముల వేట పోయినది, వడ్డీ పోలేదు. అత్తగారు కోడలిని దెప్పినమాటయు నిజమే. ఆమె ఖర్చంతయు చాకలిపద్దు పుస్తకములో వ్రాసియుంచినది. రెజిను, మ్యాటు, కఱ్ఱ, కూలి, పోయిన వేట అన్నియు నందు కలవు. క్రొత్త పడవ వెలలో అది ఎన్నవవంతో మగనికి చూపినది. ఆ పద్దు చూచిన తరువాత ఇంటిలో ఆ మాట మరల రాలేదని విన్నాము.

పడవ అడుగెల్ల తట్టినను ఖంగుమను చోటు దొరకనియెడల మాత్రము దానిపై సొమ్ము పోయవద్దు. అట్టి పడవను తగులబెట్టుట కొందఱికి వాడుక. ఆ పొగ విషము. ముక్కలు కోయించి నీళ్ళతొట్టికి మూతగానో, కోళ్ళగూటికి కప్పుగానో వాడుకొనుట మేలు. కోయునపుడు గాజుపొడి జాగ్రత్తలు ఇందును తప్పవు.

బాగుచేసిన పడవను వేటనుండి వచ్చిన పిదప దొరికినంత మంచినీటితో కడిగి, తాటాకుచాపనో పాత టార్పాలినునో కప్పి ఉంచవలెను. నీరు నిలువకుండ అణియమును కొంచెమెత్తి పెట్టవలెను. నెలకొకసారి మరచీలల చుట్టు తట్టి చూచుట ఇల్లాలే చేయవచ్చును. ఆమె చెవి కుండల నెఱిగిన చెవి.

వలలను ఎలుకలనుండి కాపాడుట యెట్లని కొందఱు సోదరీమణులు అడిగియున్నారు. దానిని గూర్చి వచ్చు మాసమున వ్రాయుదుము.